మూతపడిన గిటారు కంపెనీల పేర్లు చేతిలో ఉంచుకున్నవారికి విజయనగరం నుంచి బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

ఒకప్పుడు మంచి గిటార్లు చేసి ఆగిపోయిన కంపెనీల పేర్లు ఇవాళ మీ చేతుల్లో ఉన్నాయి. కొన్నింటిని మీరు కావాలని కొన్నారు. కొన్ని, పెద్ద కంపెనీని కొన్నప్పుడు దాంతోపాటు మీ లెక్కలోకి వచ్చాయి. నేను విజయనగరంలో గిటారు నేర్పుతాను, పాడైనవి బాగుచేస్తాను, అదే నా బతుకుతెరువు. ఆ పేర్లలో కొన్నింటిని మళ్లీ బతికించమని అడగడానికే ఇది రాస్తున్నాను. ఎలా బతికించాలో కూడా చెబుతాను. మీరు చేసిన గిటారు షోరూములో ఉండేది కొన్నాళ్లే, ఆ తర్వాత దశాబ్దాలపాటు అది మాలాంటి ఊళ్లలో చేతులు మారుతూ వాయించబడుతుంది కాబట్టి ఆ మాట చెప్పే హక్కు మాకుందనుకుంటున్నాను.

మా ఊరికి వాయిద్యం కొత్త కాదు. 1919లో విజయరామ గజపతిరాజు గారు ఇక్కడ సంగీత కళాశాల పెట్టారు. ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి మొదటి ప్రిన్సిపాలు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడే వయొలిన్ చెప్పారు, ఆ తర్వాత ప్రిన్సిపాలూ అయ్యారు. ఘంటసాల గారు చదువుకోవడానికి వెతుక్కుంటూ వచ్చింది ఆ కాలేజీకే. ద్వారం వారి వయొలిన్ యూరప్‌లో పుట్టిన వాయిద్యం. పాలకొల్లులో పుట్టిన శ్రీనివాస్ గారి చేతిలో ఎలక్ట్రిక్ మాండొలిన్ కర్ణాటక కచేరీ వాయిద్యం అయిపోయింది. వాయిద్యం ఏ దేశందని మా పెద్దలు అడగలేదు. శ్రుతి నిలుస్తుందా, గమకం పలుకుతుందా అని చూశారు. గిటారును కూడా మేం అలాగే చూస్తాం.

ఇక్కడ గిటారు వాయించేవాళ్లు ఎవరనుకుంటున్నారు? ఆదివారం ఆరాధనకు చర్చిలో వాయించే పిల్లలున్నారు. పెళ్లిళ్లకీ, పైడితల్లి అమ్మవారి పండక్కీ, చుట్టుపక్కల ఊళ్ల గ్రామదేవతల సంబరాలకీ ఆర్కెస్ట్రా కట్టేవాళ్లున్నారు. రాత్రి తొమ్మిదికి స్టేజీ ఎక్కితే తెల్లవారుజామున దిగుతారు. ఇంజనీరింగు కాలేజీ హాస్టళ్లలో ఒక్క గిటారును నలుగురు పంచుకునే కుర్రాళ్లున్నారు. ఈ మధ్య ఆడపిల్లలు ఎక్కువగా నేర్చుకుంటున్నారు, అది నాకు చాలా సంతోషం. వీళ్లలో చాలామంది కొనగలిగేది నాలుగైదు వేల రూపాయల గిటారు. ఇల్లు సర్దుకుని కొనేవాళ్లు పదిహేను వేల దాకా వెళతారు.

ఆ ధరలో ఏం దొరుకుతుందో చెబితేనే నా బాధ మీకు అర్థమవుతుంది. తీగలు ఫ్రెట్ల మీద నుంచి, అంటే మెడ మీది లోహపు మెట్ల మీద నుంచి, చాలా ఎత్తులో ఉంటాయి. పదేళ్ల పిల్ల ఎఫ్ కార్డు పట్టలేక, లోపం తనదే అనుకుని మానేస్తుంది. మా సముద్రపు గాలికి, వానాకాలపు చెమ్మకి నెక్, అంటే గిటారు మెడ, వంగుతుంది. సరిచేద్దామని చూస్తే లోపల నెక్‌ను నిటారుగా ఉంచే ఇనుప కడ్డీ, ట్రస్ రాడ్, ఉండదు, ఉన్నా తిరగదు. వీటన్నింటికీ ఏదో ఒక ఉపాయం ఉంది. తీగలు పైకొసన ఆనే నట్ అరగదీస్తాను, కిందికొసన ఆనే బ్రిడ్జి దించుతాను. ఉపాయం లేనిది ఒక్కటే, ఫ్రెట్లు తప్పుచోట కొట్టి ఉండటం.

దీని గురించి కొంచెం వివరంగా రాయాలి. మా జిల్లాలో బొబ్బిలి పక్కన గొల్లపల్లి అనే ఊరుంది. సర్వసిద్ధి కుటుంబాలవారు తరతరాలుగా పనస చెక్కతో వీణలు చేసేది అక్కడే. ఒకే దుంగను తొలిచి చేసే ఏకాండి వీణ వాళ్ల ప్రత్యేకత. వీణకు ఇరవై నాలుగు మెట్లు, అవి మైనం మీద కూర్చుంటాయి. స్వరం తేడా వస్తే మైనం కరిగించి మేళం మళ్లీ కట్టుకోవచ్చు, వీణకు ఆ వెసులుబాటు ఉంది. గిటారుకు లేదు. ఫ్రెట్ చెక్కలో గాడి కోసి దిగ్గొట్టేస్తారు. తీగ పొడవు 648 మిల్లీమీటర్లయితే, దాన్ని 17.817తో భాగించి, మొదటి ఫ్రెట్ నట్ నుంచి 36.4 మిల్లీమీటర్ల దగ్గర పడాలి. మిగిలిన తీగను మళ్లీ 17.817తో భాగిస్తే రెండో ఫ్రెట్ చోటు తెలుస్తుంది. అలా చివరిదాకా. ఆ లెక్కలో అర మిల్లీమీటరు అటూ ఇటూ అయితే ఆ గిటారు జన్మంతా అపస్వరమే పలుకుతుంది. ఆ గిటారు మీద నేర్చుకున్న పిల్లల చెవి కూడా దానికే అలవాటుపడుతుంది. ఇంట్లో రెండు మూడు నెలల జీతంలోంచి మిగిల్చి కొన్న వస్తువు అది. బాగుచెయ్యలేనని చెప్పి తిరిగి పంపడం నా పనిలో అన్నింటికంటే కష్టమైన పని.

తక్కువ ధరకి ఇంతకంటే మంచిది రాదు అని ఎవరన్నా అంటే మీ దగ్గరున్న పేర్లే వాళ్లకు సమాధానం.

షికాగోలో 1892లో మొదలైన హార్మొనీ కంపెనీని 1916లో తపాలాలో సరుకు అమ్మే సియర్స్ కంపెనీ కొంది. కేటలాగు చూసి డబ్బు పంపితే పల్లెటూరి ఇంటికి గిటారు వచ్చేది. 1960ల మధ్యలో ఆ ఒక్క ఫ్యాక్టరీ ఏడాదికి మూడు లక్షలకు పైగా వాయిద్యాలు అమ్మింది. వాళ్ల సావరిన్ గిటారుకు పైపలక అసలైన స్ప్రూస్ చెక్క, ప్లైవుడ్ కాదు. 1975లో ఆ కంపెనీ మూతపడింది. నాథన్ డేనియల్ గారు న్యూజెర్సీలో 1947లో పెట్టిన డానెలెక్ట్రో ఇంకా పొదుపైనది. చెక్క చట్రానికి ముందూ వెనకా మేసోనైట్ అనే హార్డ్‌బోర్డు పలక అతికించారు. తీగ కదలికను కరెంటు సంకేతంగా మార్చే పికప్ చుట్టలను లిప్‌స్టిక్ గొట్టాల్లో పెట్టారు. 1962లో సియర్స్‌కి చేసిచ్చిన సిల్వర్‌టోన్ అనే గిటారుకు యాంప్లిఫయరును గిటారు పెట్టెలోనే బిగించి ఇచ్చారు. పెట్టె తెరిచి ప్లగ్గు పెడితే పాటే. అంత చౌక సరుకుతో చేసిన ఆ గిటార్లను ఇవాళ్టికీ పెద్ద పెద్ద వాద్యకారులు వెతికి కొంటున్నారు. కారణం, డేనియల్ గారు ఎక్కడ తగ్గించవచ్చో తగ్గించి, ఫ్రెట్ల లెక్కలో, నెక్ గట్టిదనంలో తగ్గించలేదు. నాకు ఆయన మీద ఉన్న గౌరవం మాటల్లో చెప్పలేను. పేదవాడి వస్తువును బుర్ర పెట్టి చేసిన మనిషి ఆయన.

ఈ రెండు పేర్లూ తిరిగి వచ్చాయి. డానెలెక్ట్రో 1990ల చివర్లో పాత పద్ధతి వదలకుండా, మామూలు మనిషికి అందే ధరలో వచ్చింది. ఆ పని చేసినవారికి దండం. హార్మొనీ 2018లో సింగపూర్‌వారి పూనికతో అమెరికాలోనే తయారై వచ్చింది. చక్కగా ఉన్నాయి, ఆ సంగతి ఒప్పుకుంటాను. కానీ వచ్చినప్పుడు ధర వెయ్యి డాలర్లకు పైనే. హార్మొనీ అంటే కూలివాడి ఇంటికి తపాలాలో వచ్చిన గిటారు. ఆ పేరు పెట్టుకున్న వస్తువు మా ఊరి పిల్లకు అద్దాల వెనక మాత్రమే కనిపిస్తే పేరు బతికినట్టా? ఆ ఖరీదైనవి అలాగే ఉంచండి. పక్కనే ఇంకొకటి చెయ్యండి, పాత సావరిన్ లాంటిది, పదిహేను వేలకు దొరికేది.

అసాధ్యం అనకండి. అమెరికాలోని పెద్ద గిటారు కంపెనీ ఫెండర్ 1965లో వి.సి. స్క్వయర్ అనే తీగలు చేసే పాత కంపెనీని కొంది. ఆ పేరు ఏళ్ల తరబడి ఊరికే ఉండి, 1982లో తక్కువ ధర గిటార్ల మీదికి వచ్చింది. ఇవాళ ప్రపంచంలో ఎన్ని లక్షలమంది తొలి గిటారు మీద ఆ పేరుందో! నా దగ్గర నేర్చుకున్నవాళ్లలో గిటారు మానకుండా నిలిచినవాళ్లలో చాలామంది చేతిలో ఉన్నది అదే.

జపాన్‌లోని మాట్సుమొటో పట్నంలో మాట్సుమోకు అనే ఫ్యాక్టరీ ఉండేది. 1951లో మొదలైంది. సింగర్ కుట్టుమిషన్లకు చెక్క పెట్టెలు చేసిన వడ్రంగులు వాళ్లు. అదే చేతుల్తో గిటార్లు చేశారు. ఏరియా ప్రో టూ, వెస్టోన్, 1970ల ఎపిఫోన్లలో చాలా, ఇవన్నీ అక్కడివే. 1987లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. వెస్టోన్ తయారీ కొరియాకు వెళ్లి కొన్నాళ్లకు ఆగింది. ఉద్దానం వైపు, సోంపేట, కవిటి నుంచి ఓడల్లో పనిచెయ్యడానికి వెళ్లే కుర్రాళ్లు విదేశీ రేవుల్లో సెకండ్ హ్యాండ్ గిటార్లు కొనుక్కుని వస్తుంటారు. అలా వచ్చిన వెస్టోన్ థండర్ ఒకటి నా బల్ల మీదికి వచ్చింది. నలభై ఏళ్ల వస్తువు. ఉప్పుగాలిలో తిరిగింది. పికప్ స్విచ్చి ఒక్కటే పోయింది. నెక్ మీద స్కేలు పెట్టి చూశాను, వెంట్రుకవాసి వెలుగు కూడా కనిపించలేదు. మడతపెట్టే పాత కుట్టుమిషను మూత ఇంకా సరిగ్గా పడుతున్న ఇళ్లు మా వీధిలో ఉన్నాయి. ఆ వడ్రంగం ఎలాంటిదో మాకు తెలుసు. అలాంటి పేరును బొమ్మ గిటారు మీద అచ్చువెయ్యడానికి వాడకండి. మొదలుపెడితే ఆ పనితనంతోనే మొదలుపెట్టండి.

ఇప్పుడు పార్కర్. నేను మనసారా అడుగుతున్నది ఇదే.

కెన్ పార్కర్, లారీ ఫిష్‌మన్ కలిసి 1993లో ఫ్లై అనే గిటారు తెచ్చారు. తేలికపాటి చెక్క మీద కార్బన్, గాజుపోగు, ఎపాక్సీ జిగురు కలిసిన పల్చటి పొర వేశారు. గుడ్డు పెంకులా కనిపించే ఆ పొరే దాని బలం. బరువు రెండున్నర కిలోల లోపు. నాలుగు కిలోల లెస్‌పాల్ గిటారు భుజాన వేసుకుని తెల్లవార్లూ నిలబడే ఆర్కెస్ట్రా మనిషికి ఆ తేడా ఎంతో ఊహించండి. ఫ్రెట్లు స్టెయిన్‌లెస్ స్టీలు, అంత తేలిగ్గా అరగవు, మెరుపు తగ్గదు. ఫింగర్‌బోర్డు కూడా కార్బన్ పొరే కాబట్టి శ్రావణంలో ఉబ్బదు, వేసవిలో కుంగదు. బ్రిడ్జిలో, తీగ అదురును నేరుగా పట్టే పీజో పికప్పు ఉంది. ఎలక్ట్రిక్ గిటారులోంచే అకూస్టిక్ నాదం వస్తుంది. ఒక్క పాటలో రెండు గిటార్లు మార్చుకునే అవసరం ఉండదు.

మా కోస్తా వాతావరణం కోసమే ఆలోచించి చేసినట్టుంటుంది ఆ గిటారు. దాన్ని అమెరికాలో చలికీ, హీటరు పొడిగాలికీ తట్టుకునేలా చేసి ఉంటారు, అయినా దాని అసలు అవసరం బంగాళాఖాతం ఒడ్డునే ఉంది. హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు 2014 అక్టోబరులో, తిత్లీ వచ్చినప్పుడు 2018లో మా విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో కరెంటు లేక, పైకప్పులు ఎగిరి, రోజుల తరబడి అన్నీ తడిసి ఉన్నాయి. ఆ తర్వాత నా దగ్గరికి వచ్చిన గిటార్లలో అతుకులు విడిపోని అకూస్టిక్ అరుదు. అప్పుడే పార్కర్‌వాళ్ల ఆలోచన విలువ నాకు ఇంకా బాగా తెలిసింది. ఆ కంపెనీ చేతులు మారింది, 2016లో తయారీ ఆగింది. ఆనాటి పేటెంట్లకు గడువు కూడా దాటిపోయింది. ఇక అడ్డం ఉన్నది పేరు, అచ్చులు, చేసే ఒడుపు. వాటిని మూలన పెట్టి ఉంచడం నాకు చాలా అన్యాయంగా కనిపిస్తుంది. తొలి ఫ్లైలలో లోపలి వైరింగు రిబ్బన్ లాంటి పల్చటి పట్టీ మీద ఉండేది. అది చిట్లితే గిటారు మూగబోతుంది, కొత్త పట్టీ దొరకదు. మళ్లీ చేసేటప్పుడు మామూలు వైరే వెయ్యండి. చిన్న ఊరి మెకానిక్కు టంకం పెట్టగలిగేలా ఉండాలి.

టకోమా గురించి పిల్లల కోసం అడుగుతున్నాను. వాషింగ్టన్ రాష్ట్రంలో పియానో పలకలకు చెక్క కోసే మిల్లులోంచి పుట్టిన కంపెనీ అది. పపూస్ అనే చిన్న గిటారు చేశారు. మామూలు గిటారుకు ఐదో ఫ్రెట్ దగ్గర కాపో, అంటే తీగలన్నింటినీ నొక్కిపట్టే బిగింపు, పెడితే ఎలా పలుకుతుందో అలా శ్రుతి చేసుకోవాలి. తీగ పొడవు తక్కువ, చిన్న వేళ్లకు అందుతుంది, అయినా బొమ్మ కాదు, నిజమైన నాదం. 2004లో ఫెండర్ కొంది, 2008లో ఆ ఫ్యాక్టరీ మూసేసింది. వాటి పూత ఊడిపోయేదన్న ఫిర్యాదు నిజమే, ఆ ఒక్కటీ దిద్దుకుని మళ్లీ చెయ్యండి. ఆరేడేళ్ల పిల్లల్ని తీసుకొచ్చే తల్లిదండ్రులకు నేను ధైర్యంగా చూపించగలిగే గిటారు నా దగ్గర ఇవాళ ఒక్కటీ లేదు.

క్రేమర్ లాంటి పేర్లు ఎలాగూ మళ్లీ బజారులోకి వచ్చాయి, వాటి గురించి నేను చెప్పేదేం లేదు.

బతికించడం అంటే నా ఉద్దేశం ఏమిటో రెండు ఉదాహరణలతో చెబుతాను. గ్రెచ్ కుటుంబం 1883లో పెట్టిన కంపెనీ 1967లో బాల్డ్విన్ చేతికి వెళ్లింది. పని చెడి, 1980ల మొదట్లో గిటార్లే ఆగిపోయాయి. ఆ కుటుంబంవాడే, ఫ్రెడ్ గ్రెచ్ గారు, పేరును తిరిగి కొని 1989లో గిటార్లను మళ్లీ నిలబెట్టారు. ఇక గిబ్సన్ అనే గిటారు కంపెనీ 1984లో అమెరికాలోని కలమజూ ఊళ్లో ఉన్న ఫ్యాక్టరీ మూసి వేరే ఊరికి వెళ్లిపోయినప్పుడు, అక్కడి పనివాళ్లు కొందరు ఊరు వదల్లేదు. అదే పార్సన్స్ వీధిలో, అదే భవనంలో, పాత యంత్రాల మీద 1985లో హెరిటేజ్ అనే పేరుతో పని మొదలుపెట్టారు. వాళ్ల దగ్గర పేరు లేదు, చెయ్యి ఉంది. నెల్లిమర్ల జూట్ మిల్లు గేటుకు తాళం పడితే ఇళ్లు ఎలా ఉంటాయో చూసిన ఊరివాళ్లం మేం. కలమజూ పనివాళ్ల తెగువ మాకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. మీరు ఏ పేరునైనా లేపాలనుకుంటే ముందు ఆ ఫ్యాక్టరీలో పనిచేసి ఇంకా బతికున్న మనుషుల్ని వెతకండి. అచ్చులు ఎలా పట్టారో, జిగురు ఎప్పుడు ఆరుతుందో వాళ్లకు తెలుసు. వాళ్లు వెళ్లిపోతే మీ దగ్గర మిగిలేది ఒట్టి అక్షరాలు.

చట్టం సంగతి కూడా ఒకమాట. అమెరికాలో ట్రేడ్‌మార్కును వరసగా మూడేళ్లు వాడకపోతే వదిలేసినట్టు భావిస్తారు. మన దేశంలో 1999 చట్టం 47వ సెక్షన్ ప్రకారం అయిదేళ్ల మూడు నెలలు వాడకపోతే రిజిస్టరు నుంచి తీసెయ్యమని అడగవచ్చు. పేరు అలంకారం కోసం ఉంచుకునే వస్తువు కాదని చట్టమే ఒప్పుకుంటోంది. మళ్లీ చేసే ఉద్దేశం మీకు లేకపోతే, చేస్తామని ముందుకొచ్చేవారికి ఇచ్చెయ్యండి. అదీ కుదరదంటే కనీసం డ్రాయింగులు, సర్క్యూట్ బొమ్మలు, ట్రస్ రాడ్ నట్ల కొలతలు, స్ప్రింగుల మందం, ఇవన్నీ అందరికీ తెరిచి పెట్టండి. మీకు దానివల్ల ఒక్క రూపాయి నష్టం లేదు. నాలాంటి రిపేరు మనుషులు ప్రపంచంలో ఎన్ని ఊళ్లలో ఉన్నారో, అన్ని ఊళ్లలో ఆ గిటార్లు ఇంకో ముప్పయ్యేళ్లు పాడతాయి.

మీ గిటార్లలో మా దేశపు ఇరుగుడు చెక్క, మీరు రోజ్‌వుడ్ అనేది, చాలా ఏళ్లుగా ఉంది. బ్రెజిల్ రోజ్‌వుడ్ దుంగలు దొరకనప్పుడు, 1969 నుంచి, మార్టిన్ కంపెనీ మా దేశపు రోజ్‌వుడ్ వైపు తిరిగింది. మిగిలినవారూ అదే దారి పట్టారు. 2017లో ఆ జాతి చెక్క మీద అంతర్జాతీయ ఆంక్షలు పెట్టి, 2019లో తయారైన వాయిద్యాలకు సడలించారు. చెక్క మాది, వాయించేవాళ్లూ మా దగ్గర లక్షల్లో ఉన్నారు. మధ్యలో తయారీ మాత్రం మా ప్రాంతానికి రాలేదు.

అందుకే ఇంకో ప్రతిపాదన పెడుతున్నాను. గొల్లపల్లిలో చేసే బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు ఉంది. అయినా అక్కడ కచేరీ వీణలకంటే సన్మానాల్లో జ్ఞాపికగా ఇచ్చే చిన్న వీణలకే గిరాకీ ఎక్కువ. ఒక్క దుంగలోంచి కుండ తొలిచే చెయ్యి, పనస చెక్క ఎప్పుడు ఆరిందో తట్టి చెప్పే చెవి అక్కడున్నాయి. గిటారు కొలతల పని వేరే, ఫ్రెట్ గాడులు కొయ్యడానికి యంత్రం కావాలి, అది నాకు తెలుసు. పనస చెక్కతో గిటారు ఎలా పలుకుతుందో చేసి చూస్తేనే తేలుతుంది. మీలో ఎవరైనా ఒక్క శిక్షకుణ్ణి, ఫ్రెట్ గాడులు కోసే ఒక్క యంత్రాన్ని ఒక ఏడాదికి పంపండి. మీ పేరు మీద, వాళ్ల చేతి మీద, పదిహేను వేల రూపాయల నిఖార్సయిన అకూస్టిక్ గిటారు బొబ్బిలి నుంచి రావచ్చని నా నమ్మకం. వీణ చేసేవాళ్లతో కూర్చుని మాట్లాడటానికి, కొలతలు తెలుగులో రాసివ్వడానికి నేను సిద్ధంగా ఉన్నాను. దానికి నాకు డబ్బు అక్కర్లేదు.

మీలో ఎవరు జవాబిచ్చినా అందరూ చదివేలా ఇవ్వండి. ఏ పేరును మళ్లీ మొదలుపెడుతున్నారో, అది మా దేశంలో ఏ ధరకు దొరుకుతుందో, ఫ్రెట్లూ పికప్పులూ ట్యూనింగ్ కీలూ విడిగా ఎన్నేళ్లపాటు అమ్ముతారో రాయండి. డ్రాయింగులు ఇవ్వదలచుకుంటే ముందు పార్కర్‌వి ఇవ్వండి. ఆ గిటార్లు ఉన్నవాళ్లు స్పేర్లు లేక వాటిని పెట్టెల్లో పెట్టేస్తున్నారు.

ఇట్లు,
విజయనగరంలో గిటారు నేర్పే, బాగుచేసే ఒక మనిషి